మా నాన్న మానేసిన మాట

ఈమధ్య చీరాలలో మా వీధి చివరనున్న కారం మిల్లుకి రెండు కిలోల మిరపకాయలు పట్టుకెళ్ళాను. మేడమీద మూడు రోజులు ఎండబెట్టి, తొడిమలు తీసి, గుడ్డసంచిలో పోసి మూతి కట్టుకుని వెళ్ళాను. ఇప్పుడు అందరూ ప్యాకెట్ కారమే కొంటున్నారు. నాకు మాత్రం ఏడాదికొకసారి ఈ పని చేసుకుంటే గానీ వేసవి వచ్చినట్టుండదు. ఇన్నేళ్ళూ మిల్లు పెద్దాయన ఏమీ అడక్కుండానే పట్టి ఇచ్చేవాడు. ఈసారి పాతికేళ్ళ అమ్మాయి ఒకతె ముక్కుకి చున్నీ చుట్టుకుని, సంచి అందుకుంటూ అడిగింది. "నైసుగానా మేడం, బరకగానా?"

ముప్ఫయ్యేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. "మీ ఇష్టమమ్మా" అన్నాను. "మా ఇష్టమేందండీ, తినేది మీరు గదా" అని ఆ పిల్ల నవ్వింది. నా వెనక నిలబడ్డావిడ కూడా నవ్వింది. "మళ్ళీ వస్తాను" అని సంచి అక్కడే వదిలేసి బయటికి వచ్చేశాను. ఇంటికి పోబుద్ధి కాలేదు. రైలు గేటు దాకా నడిచాను, గేటు వేసి ఉంటే నిలబడకుండా వెనక్కి తిరిగాను, మళ్ళీ నడిచాను. నాలుగు రోజులైంది. సంచి ఇంకా ఆ మిల్లులోనే ఉంది. ఒకచోట కూర్చుందామంటే కాళ్ళు ఊరుకోవడం లేదు. పుస్తకం తెరిస్తే రెండో పేజీ దాటడం లేదు. రాసేస్తే కుదురు వస్తుందేమోనని ఇది మొదలుపెట్టాను. రాస్తూ కూడా రెండుసార్లు లేచి వరండాలో తిరిగి వచ్చాను.

నైసు అనేది ఇంగ్లీషు మాట అని మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. అది మా మాటే. పిండి మెత్తగా, వేళ్ళ మధ్య జారిపోయేలా ఉంటే నైసు. చేతికి తగులుతూ ఉంటే బరక. తోమి తోమి నున్నబడిన గచ్చు నైసు. సంతలో అమ్మే జారుడు గుడ్డ నైసు గుడ్డ. పని ఎగ్గొట్టి ఎవరూ చూడకుండా జారుకున్నవాడు నైసుగా జారుకున్నాడు. అమ్మ దగ్గర నేను మరీ ముద్దుగా మాట్లాడితే, "ఏందే, నన్ను నైసు చేస్తున్నావు? ఏం కావాలి?" అనేది అమ్మ. ఇన్ని పనులు చేసే మాట ఇంకొకటి మా ఇంట్లో లేదు. అందులోనూ మా నాన్న నోట రోజుకి వందసార్లు పలికే మాట అది, ఎందుకంటే ఆయన పిండిమర తిప్పేవాడు.

పర్చూరుకి నాలుగు మైళ్ళ అవతల మా ఊరు. చుట్టూ నల్లరేగడి. ఒక ఏడు పత్తి, ఒక ఏడు పొగాకు, మిరప ఎప్పుడూ ఉండేది. ఊరి నడిమధ్యలో, రోడ్డు పక్కన రేకుల షెడ్డులో మర. అది ఊరి ఆసామి ఒకాయనది. నడిపేది మా నాన్న సామేలు. పొద్దున్నే చర్చి దగ్గరి మా ఇంట్లో గంజి తాగి, చిన్న ప్రార్థన చేసుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని బయలుదేరేవాడు. మరలో దేని వేళ దానికి ఉండేది. పొద్దున బియ్యం, జొన్నలు. ఎండెక్కాక మినుములు, శనగలు. కారం మాత్రం సాయంత్రం పూటే. ఎందుకంటే మిరపకాయలు ఒకసారి రాళ్ళ మధ్య పడ్డాయంటే ఆ ఘాటు ఊరికే పోదు. మర్నాడు పొద్దున మొదట వచ్చినవాళ్ళ రొట్టెలు మంటెత్తిపోయేవి. అందుకని నాన్న చివర్లో కాసిని నూకలు పోసి రాళ్ళు కడిగినట్టు తిప్పేవాడు, ఆ నూకలపిండి మా కోళ్ళకి తెచ్చేవాడు. కారం పట్టిన రోజు ఇంటికొస్తే గుమ్మంలోనే ఆగి, "దగ్గరికి రాకమ్మా, నన్ను ముట్టుకోబాక" అనేవాడు. అమ్మ పెరట్లో నీళ్ళు తోడి, మజ్జిగతో చేతులు కడిగించి, కొబ్బరినూనె రాసేది. కనుబొమ్మల మీద, చెవి మడతల్లో ఎర్రటి పొడి. దాంతో కలిసిన కొబ్బరినూనె వాసన వేస్తే ఇప్పటికీ నాకు ముందు తుమ్ము వస్తుంది, తర్వాత నాన్న వస్తాడు.

ఆయన పనిలో ఒక ఇబ్బంది ఉండేది. చిన్నప్పుడు అది ఇబ్బంది అని నాకు తెలియలేదు. పిండి ఎలా వస్తోందో మర తిప్పేవాడు వేళ్ళతో నలిపి చూసుకోవాలి. కొన్ని ఇళ్ళవాళ్ళు మాత్రం నాన్న చెయ్యి తమ పిండిలో పడనిచ్చేవాళ్ళు కాదు. పైకి ఏమీ అనేవాళ్ళు కాదు, గుడ్డ గొట్టం కింద తామే డబ్బా పట్టుకుని అడ్డంగా నిలబడేవాళ్ళు. అందుకని నాన్న ఒక పద్ధతి పెట్టుకున్నాడు. రెండడుగులు వెనక్కి జరిగి, "చూడండమ్మా, నైసుగా వచ్చిందా?" అని అడిగేవాడు. వాళ్ళు నలిపి చూసుకుని చెప్పేవాళ్ళు. దాన్నిబట్టి రాళ్ళు బిగించే చక్రాన్ని ఇటో అటో కాస్త తిప్పేవాడు. ఏళ్ళ తరబడి అలా అడిగీ అడిగీ, తర్వాత ఆయనకి అడగనక్కర కూడా లేకుండా పోయింది. రాళ్ళ చప్పుడు వింటూనే తెలిసిపోయేది. "ఇప్పుడు నైసైంది చూడండి" అని ఆయన అంటే, వాళ్ళు నలిపి చూసి తలాడించేవాళ్ళు. ఆ క్షణంలో ఆయన మొహం నేను చూశాను. బడి అయ్యాక రోజూ మరలోనే కూర్చుని చదువుకునేదాన్ని గనుక చాలాసార్లు చూశాను.

ఎనిమిదో తరగతిలో మాకు ఇంగ్లీషుకి గ్రేసమ్మ టీచరు గారు వచ్చారు. గంజి పెట్టిన తెల్లచీర, నల్లగొడుగు, ఎప్పుడూ పక్కకి తొలగని పాపిడి. ఆవిడ కూడా మా క్రైస్తవ సంఘం మనిషే, పర్చూరు నుంచి బస్సులో వచ్చేవారు. మాలాంటి ఇళ్ళలోంచి ఒక్క పిల్లయినా టీచరయ్యేదాకా నిద్రపోనని పంతం పట్టిన మనిషి. నన్ను పట్టుకున్నారు. బడి వదిలాక కూర్చోబెట్టి గ్రామరు చెప్పేవారు, తన చేతిరుమాలులో కట్టుకొచ్చిన జామకాయ పెట్టేవారు. బడి వార్షికోత్సవానికి ఇంగ్లీషులో 'మా నాన్న' అని నా చేత వ్యాసం చదివించాలని నిర్ణయించారు. నేను పేజీన్నర రాసుకొచ్చాను. మా నాన్న నైస్ మనిషి. మా నాన్న నైస్‌గా పిండి పడతాడు. ఊరంతా మా నాన్న పిండి నైస్ అంటుంది. లెక్కపెడితే ఏడు చోట్ల ఆ మాట ఉంది.

టీచరు గారు ఎర్రసిరా కలం తీసి ఏడూ కొట్టేశారు. "నైస్ అంటే పిండి మెత్తదనం కాదు సుగుణా. మనిషి మంచివాడని చెప్పడానికి కూడా అది తేలిక మాట, ఏమీ తోచనివాళ్ళు వాడతారు. ఇది ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నారు.

"మా నాన్న అంటాడండీ."

ఒకరిద్దరు నవ్వారు. టీచరు గారు నవ్వలేదు. నవ్వినవాళ్ళని కోప్పడ్డారు కూడా. కానీ వ్యాసాన్ని తానే తిరగరాసి ఇచ్చారు. అందులో మా నాన్న కష్టజీవి, నిజాయితీపరుడు, క్రమశిక్షణ గల గృహస్థు అయ్యాడు. నాకు గర్వంగానే ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి. పెద్ద పెద్ద మాటలు నా నోట పలుకుతున్నాయని మురిసిపోయాను.

వార్షికోత్సవం రోజు నాన్న మధ్యాహ్నమే మర ఆపి, ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చి వెనక వరసలో, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను చదువుతున్నంతసేపూ తల కొంచెం పక్కకి వంచి విన్నాడు. మర దగ్గర రాళ్ళ చప్పుడు వినేటప్పుడు కూడా అలాగే వంచేవాడు. చప్పట్లు కొట్టారు. దిగి వచ్చేసరికి గ్రేసమ్మ టీచరు గారు నాన్నని పక్కకి పిలిచి ఏదో చెబుతున్నారు. నాన్న చేతులు కట్టుకుని తల ఊపుతున్నాడు. నన్ను మెచ్చుకుంటున్నారనుకున్నాను.

ఇంటికొచ్చే దారిలో పత్తిచేల పక్కన నడుస్తూ నాన్న అడిగాడు. "నా గురించేనంట గదమ్మా చదివింది?"

"అవును నాన్నా."

"నాకు ఇంగ్లీషులో తెలిసింది ఒక్కటే మాట. అది వస్తదేమోనని చెవులు రిక్కించి విన్నా. ఒక్కసారీ వినపళ్ళేదే?"

ఏ మాట అని నేను అడగలేదు. నాకు తెలుసు. ఇక్కడిదాకా రాసి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. అప్పుడు నేను పదమూడేళ్ళ పిల్లని, కొత్తగా నేర్చిన తెలివి ఒంటినిండా ఉంది. "అది తప్పు మాట నాన్నా. నైసు అంటే నువ్వనుకునేది కాదు. నీకు తెలీదు. ఇంక అందరి ముందూ అట్టా అనబాక" అన్నాను.

నాన్న కోప్పడలేదు. "అట్నా" అన్నాడు. అంతే. నాకంటే రెండడుగులు ముందు నడిచాడు.

మర్నాటి నుంచి మరలో ఆ మాట వినపడలేదు. నైసు అనాల్సిన చోట మెత్తగా అనడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళు విచిత్రంగా చూసేవాళ్ళు. "మెత్తగా అంటే? ఎంత మెత్తగా సామేలూ? నైసుగానా?" అని వాళ్ళు ఎదురడిగితే, అవునన్నట్టు తల ఊపేవాడే గానీ నోటితో అనేవాడు కాదు. నేను మూల కూర్చుని పుస్తకం చూసుకుంటూ అదంతా వినేదాన్ని. నా మాట నెగ్గిందని లోపల ఒక సంతోషం.

ఎండాకాలం వచ్చింది. ఆవకాయల రోజులు. ఆసామి గారింట్లో పెళ్ళి కూడా ఉంది. వాళ్ళింటి నుంచి బస్తాన్నర మిరపకాయలు పంపించారు. కూడా వచ్చింది కొత్తగా చేరిన పనామె, పొరుగూరు మనిషి. నాన్న అడిగాడు. "మెత్తగా పట్టమన్నారా?" ఆమె ఊ అంది. ఒక దఫా తిప్పి చూపించాడు. ఆమె నలిపి చూసి, "ఇంకా మెత్తగా" అంది. చక్రం బిగించాడు. "ఇంకా" అంది. కారాన్ని నైసు చేయాలంటే మధ్యలో రాళ్ళు చల్లారనిచ్చి, రెండు దఫాలుగా పట్టాలి. ఆ సంగతి ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కానీ అది నైసు పని. ఈమె అడుగుతున్నది మెత్తన. ఎక్కడ ఆపాలో చెప్పే మాట ఆయన దగ్గర లేదు. ఆమె ఇంకా అంటోంది, ఆయన బిగిస్తూ ఉన్నాడు. రాళ్ళు కాలిపోయి, ఎర్రగా రావాల్సిన కారం ఇటికరాయి పొడిలా మాడు రంగులో వచ్చింది. షెడ్డంతా కమురు వాసన.

సాయంత్రం ఆసామి గారు వచ్చారు. "ఒరే సామేలూ, ఇరవయ్యేళ్ళనించి తిప్పుతున్నావు గదరా! నైసుగా పట్టమంటే మాడబెడతావా?"

"ఆ మాట అన్లేదండీ ఆమె" అన్నాడు నాన్న మెల్లగా.

"అనకపోతే అడగాల్సింది నువ్వు గాదా?"

నాన్న నావైపు చూడలేదు. చూస్తే బాగుండేది. ఆ రాత్రి మరోదానికి కాదు, ఆయన నావైపు చూడనందుకే ఏడ్చాను. వాళ్ళు ఆయన్ని పనిలోంచి తీసేసి, ఇంకొకణ్ణి పెట్టారు. రెండు నెలలు ఆయన పొగాకుని వేడికి ఆరబెట్టే బారెన్లలో ఆకు మోశాడు. కొత్తవాడి చేతిలో రాళ్ళు పాడై, జనం పక్క ఊరి మరకి పోవడం మొదలుపెడితే మళ్ళీ పిలిచారు. వెళ్ళాడు. మర దగ్గర పని ఎప్పటిలాగే చేశాడు. ఇంట్లో మాత్రం వార్షికోత్సవం నాటి నుంచి మెల్లగా మారుతూ వచ్చి, అప్పటికి వేరే మనిషయ్యాడు. అంతకు ముందు అన్నం తింటూ మరకొచ్చినవాళ్ళ కబుర్లన్నీ చెప్పేవాడు. ఒక ముసలమ్మ తన పిండిని చిటికెడు కూడా నేలపాలు కానివ్వకుండా కొంగు పరిచేదని, ఇంకొకాయన మరలోనే నిలబడి నిద్రపోయాడని. అవన్నీ ఆగిపోయాయి. నేను పుస్తకం పట్టుకుని కూర్చుంటే లేచి పెరట్లోకి పోయేవాడు. నేనేదైనా అడిగితే ఒక్క ముక్కలో జవాబు. నా వల్ల పని పోయిందని కోపం పెట్టుకున్నాడనుకున్నాను. అడిగే ధైర్యం లేకపోయింది. అమ్మని అడిగితే, "మీ నాన్నకి మాటలు సచ్చిపోయినయ్యి" అని తన పని చూసుకునేది. అలా నేను పది పాసయ్యాను, కాలేజీకి పోయాను, టీచరు ట్రైనింగు చేశాను, ఉద్యోగం తెచ్చుకున్నాను. నా పెళ్ళిరోజున కూడా ఆయన నా తలమీద చెయ్యి పెట్టాడే గానీ ఏమీ అనలేదు.

ఉద్యోగంలో చేరిన ఎన్నో ఏళ్ళకి, గుంటూరులో ఇంగ్లీషు టీచర్లకి వారంరోజుల శిక్షణ పెట్టారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక తోటివాళ్ళు చెట్టుకింద కబుర్లు చెప్పుకుంటుంటే, కూర్చోలేని నా అలవాటు కొద్దీ ఆ కాలేజీ లైబ్రరీలోకి పోయాను. ఒక బల్లమీద పెద్ద డిక్షనరీ, రెండు చేతులతో ఎత్తాల్సినది. మాటలు ఎక్కడ పుట్టాయో, ఏ కాలంలో ఏ అర్థంలో వాడారో చెప్పే రకం. ఏ మాట చూశానో వేరే చెప్పక్కర్లేదు. నైస్ అనే మాట లాటిన్‌లో పుట్టిందట. అక్కడ దానర్థం తెలియని మనిషి అని. ఫ్రెంచివాళ్ళ నోట బుద్ధిహీనుడు అయింది. ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు అది తిట్టే. తర్వాత సోకులు పోయేవాడు, తర్వాత సిగ్గరి, తర్వాత ఊరికే వంకలు పెట్టేవాడు. అలా నానా గడపలూ తొక్కి, ఒక చోట సున్నితమైనది, అతి సన్ననిది, వెంట్రుకవాసి తేడా కూడా పట్టగలిగినది అనే అర్థానికి వచ్చింది. బాగున్నది, మంచిది అనే అర్థం చాలా చివర్లో వచ్చి చేరింది.

నేను నిలబడే చదివాను. మళ్ళీ చదివాను. మా ఊరి మరలోకి ఆ మాటని ఎవరు తెచ్చారో నాకు తెలియదు. బట్టల వ్యాపారులో, మర బిగించడానికి వచ్చిన మేస్త్రీలో అయ్యుండాలి. ఎవరు తెచ్చినా ఆ అర్థంతోనే తెచ్చారు. సన్ననిది. తేడా పట్టగలిగినది. రాళ్ళ చప్పుడులో వెంట్రుకవాసి తేడా పట్టిన మనిషికి అది తప్పు మాట అని చెప్పాను నేను. నీకు తెలీదు అని చెప్పాను.

మధ్యాహ్నం క్లాసుకి పోలేదు. సంతకం కూడా పెట్టకుండా బస్టాండుకి వచ్చి చిలకలూరిపేట బస్సెక్కాను, అక్కడ దిగి పర్చూరు బస్సు. సీటు దొరికినా కూర్చోలేక తలుపు దగ్గర నిలబడ్డాను. కండక్టరు రెండుసార్లు కోప్పడ్డాడు. ఇంటికి చేరేసరికి నాన్న అరుగు మీద చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నాడు. అప్పటికి మర మూతపడి చాలాకాలమైంది. ఆయనకి చూపు కొంచెం మందగించింది, వేళ్ళతో తడిమి ఏరుతున్నాడు.

చెప్పులు విప్పకుండానే చెప్పేశాను. లాటిన్, ఫ్రెంచి, అన్నీ. "నువ్వన్నదే రైటు నాన్నా. నేనే తప్పు చెప్పాను. టీచరు గారూ తప్పే చెప్పారు. నువ్వు ఆ మాట మానాల్సిన పని లేదు. నా మీద కోపంతో ఇన్నేళ్ళు..."

నాన్న చేట పక్కనపెట్టాడు. "కోపమేంది? నీ మీద నాకు కోపమెందుకమ్మా?"

"మరి మాట్లాడ్డం మానేశావు గదా."

ఆయన చేట మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. "ఆ రోజు టీచరమ్మగారు నన్ను పక్కకి పిలిచి చెప్పారు. సామేలూ, నీ కూతురికి మంచి బుర్ర ఉంది, టీచరవుద్ది. అయితే ఇంట్లో మాటలు తెచ్చి ఇంగ్లీషులో పెడుతుంది, నవ్వులపాలవుద్ది. ఇంట్లో ఆ మాటలు తగ్గితే చాలు, పైకొస్తుంది అని." చేటలో ఒక గింజని వేలితో అటూ ఇటూ నెట్టాడు. "ఏ మాటలు పనికొస్తయ్యో, ఏయి పనికిరావో నాకు తెలవదు గదా. అందుకని అన్నీ తగ్గించా."

నేను చెప్పులు విప్పి అరుగు మీద కూర్చున్నాను. అమ్మ లోపలినుంచి మంచినీళ్ళు తెచ్చి, నన్నూ ఆయన్నీ చూసి, చెంబు అక్కడపెట్టి వెళ్ళింది. నాన్న చెంబు నావైపు జరిపి అన్నాడు. "టీచరువయ్యావు గదా. పోయిందేముంది?" నన్ను ఓదార్చడానికి అన్న మాట అది. నాకు ఓదార్పు కాలేదు, ఇప్పటికీ కాలేదు. పోయిందేమిటో ఆయనకి లెక్క చెప్పగలిగే భాష ఏదీ నేను చదువుకోలేదు.

ఆ తర్వాత నాన్న రెండేళ్ళు బతికాడు. వారం వారం వెళ్ళేదాన్ని. మాట్లాడేవాడు, మొదట్లో ఆగి ఆగి, తర్వాత ఆపకుండా. ఏ రకం మిరపకాయ ఎండితే ఏ చప్పుడు చేస్తుందో, రాళ్ళకి గంట్లు కొట్టేటప్పుడు ఉలి ఎటు వంచాలో, ఎవరి పిండి ఎవరి డబ్బాలో పడి ఎన్ని పోట్లాటలయ్యాయో. "ఈయన నోరు మూయడం లేదు, నాకు తలనొప్పి" అని అమ్మ నవ్వుతూ విసుక్కునేది. రెండేళ్ళ మాటలు. ముప్ఫయ్యేళ్ళవి రావాల్సినవి. గ్రేసమ్మ టీచరు గారి మీద నాకు కోపం రాలేదు. ఆవిడ లేకపోతే నేను లేను. అసలు కోపం రావలసింది ఎవరి మీదో, అది బయటపడటానికి ఎక్కువకాలం పట్టలేదు.

నాన్న చనిపోయిన ఏడు నేను మార్టూరు దగ్గర ఒక ఊళ్ళో పనిచేస్తున్నాను. మా బళ్ళో కూడా ఇంగ్లీషు మీడియం వచ్చేసింది. తల్లిదండ్రుల సమావేశం పెట్టినప్పుడల్లా ఇంగ్లీషు టీచరుగా నేను లేచి ఒకటే చెప్పేదాన్ని. ఇంట్లో మీరు మాట్లాడే మాటలు పిల్లలకి అంటుకుంటాయి, వీలైనంత వరకు ఇంగ్లీషే వినపడేలా చూడండి అని. ఎన్నేళ్ళు చెప్పానో. నైస్ అనే మాట పిల్లల పుస్తకాల్లో ఎన్నిచోట్ల ఎర్రసిరాతో కొట్టేశానో. గుంటూరు నుంచి వచ్చాక ఆ కొట్టివేతలు మానేశాను, అంతే. సమావేశంలో చెప్పే మాట మాత్రం అలవాటుగా నోట్లోంచి వస్తూనే ఉంది. నాన్న అరుగు మీద చెప్పినదానికీ, నేను మైకులో చెప్పేదానికీ ఉన్న సంబంధం నాకు తట్టనే లేదు. ఆ ఏడు సమావేశంలో మైకు పట్టుకున్నాక తట్టింది. మాట మధ్యలో ఆగిపోయాను. హెడ్మాస్టరు గారు నావైపు చూశారు. "మీరు ఇంట్లో మాట్లాడుకోండి. మీకు వచ్చిన మాటలే. ఏ మాటలైనా సరే" అన్నాను.

ముందు వరసలో కూర్చున్న ఒక తల్లి లేచింది. "మరి పోయినేడు మీరే వద్దన్నారు గదండీ?"

"అన్నానమ్మా. తప్పు చెప్పాను."

ఆమె కూర్చోలేదు. "మా ఆయన రాయి పాలిషు పట్టే ఫ్యాక్టరీలో చేస్తాడండీ. మాకు ఇంగ్లీషు రాదు గదా. పిల్ల పుస్తకం తీసిందంటే ఆయన బయటికెళ్ళి కూర్చుంటాడు. మీరు చెప్పినకాణ్ణుంచీ అంతే."

హాల్లో ఎవరూ నవ్వలేదు. చాలామంది తలలు దించుకున్నారు. ఆ తలల్ని చూశాక నాకు తెలిసింది, అది ఒక్క ఇంటి సంగతి కాదని. పూర్వం అలా నోరు కట్టుకున్నవాడు మా నాన్న ఒక్కడే, ఒక పిల్ల కోసం. ఇప్పుడు ఊరూరా వీధి వీధికీ అలాంటివాళ్ళున్నారు. వాళ్ళకి చెప్పిన టీచరమ్మని నేను.

మర్నాడు ఆదివారం. ఆరాధన కాగానే నేరుగా ఆ తల్లి ఉండే ఊరికి వెళ్ళాను. ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు, ఆలోచిస్తూ కూర్చుంటే వెళ్ళనని తెలుసు. రెండు గదుల రేకుల ఇల్లు. గుమ్మం పక్కన పగిలిన గ్రానైట్ పలక ఒకటి వేసి ఉంది, దానిమీద ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. గోళ్ళ సందుల్లో బూడిదరంగు పొడి. లోపల పిల్ల గట్టిగా ఇంగ్లీషు పాఠం చదువుకుంటోంది. నన్ను చూసి ఆయన దిగ్గున లేచి, పలకని తువ్వాలుతో తుడిచి, కూర్చోమని చేత్తో చూపించాడు.

కూర్చున్నాను. పక్కన కూర్చోమంటే చాలాసేపటికి గాని కూర్చోలేదు. రాయికి ఆ మెరుపు ఎలా వస్తుందని అడిగాను. ఆయన ఒకసారి లోపలికి చూశాడు, నావైపు చూశాడు. తర్వాత గొంతు బాగా తగ్గించి, గుసగుసగా మొదలుపెట్టాడు. నీళ్ళు వదులుతూ పట్టాలంట, ముందు గరుకు రాయితో, తర్వాత...

"కొంచెం గట్టిగా చెప్పండి" అన్నాను. "లోపలికి వినపడాలి."